వెదురు గొట్టంలో కప్ప వంతు

కొండవాగుకు అడ్డంగా జంతువులన్నీ కలిసి కట్ట వేసుకున్నాయి. కట్ట మీద కూర్చుని నీటిమట్టం చూసే పని కప్పది. కింద తూము తలుపును కొమ్ములతో ఎత్తే పని గేదె నీలమ్మది. పైమాట కిందికి చేరడానికి ఉన్నది ఒకే ఒక్క పొడుగాటి వెదురు గొట్టం. ఇద్దరు ఒకేసారి నోరు పెడితే కింద వినబడేది గోలే. అందుకని తాబేలు తాత వంతులు పెట్టాడు. ప్రతి చుట్టులో మొదట కప్ప, ఆ తర్వాతే మిగతావాళ్ల కబుర్లు.

"నీళ్లు జానెడు కిందున్నాయి" అని ఒక్క ముక్క చెప్పి కప్ప తప్పుకునేవాడు. రోజంతా అదే ముక్క.

నక్కకు అది గిట్టలేదు. తూము దగ్గరుండే ముసలినక్క కూతురితో వాడికి పెళ్లి కుదిరింది. కాబోయే మామతో విందు సంగతులు బోలెడు మాట్లాడాలాయె.

"తాతా, చెప్పిందే చెప్పడానికి వంతెందుకు? కొత్త సంగతుంటే కప్ప అప్పుడే వంతు అడుగుతాడు. ఆ వంతు నాకిచ్చెయ్!"

"వాన రాకడ, ప్రాణం పోకడ ఎవరికి తెలుసు బావా?" అని గొణిగాడు కప్ప.

తాబేలు తాతకు మొహమాటం ఎక్కువ. సరేనన్నాడు. ఈ మార్పు నీలమ్మకు చెప్పాలని మాత్రం ఎవరికీ తోచలేదు.

మధ్యాహ్నం కొండ మీదెక్కడో కుంభవృష్టి. వాగు ఎర్రగా పొంగింది. కప్ప గెంతుకుంటూ వచ్చాడు.

"బావా, తప్పుకో! నీళ్లు కట్ట అంచుకొచ్చాయి!"

నక్క గొట్టంలోంచి మూతి తియ్యలేదు. "ఉండరా, ఇంకా పీతల పులుసు దగ్గరే ఉన్నా. కోడికూర మిగిలే ఉంది!"

కప్ప వాడి నెత్తికెక్కి తొక్కాడు, చెవి పట్టుకు లాగాడు. ఫలితం లేదు. "వాడికి మాటిచ్చేశానే!" అని తాబేలు తాత నసిగాడు.

కింద నీలమ్మ నెమరు ఆపింది. తూముకు ఎదురుగా కాలవలో చతికిలబడి, గొట్టానికి చెవి ఆనించిన ముసలినక్కను అడిగింది.

"అన్నా, కప్ప ఏమన్నాడు?"

"కప్పా? ఇక్కడ పులుసులోకి చింతపండు ఎంతో తేలలేదమ్మా!"

"రెండు చుట్లయింది, కప్ప పలకలేదు. రోజూ పలికే నోరు పలకలేదంటే పైన ఏదో మునిగినట్టే. లే అన్నా, పక్కకి రా!"

"ఒక్క క్షణం తల్లీ, కోడికూర చెబుతున్నాడు..."

నీలమ్మ ఇక ఆగలేదు. కొమ్ములు దూర్చి తలుపు ఎత్తేసింది. నీళ్లు హోరున దూకాయి. కట్ట నిలబడింది. ముసలినక్క మాత్రం ముళ్లకంపలో తేలాడు.

బురద కక్కుకుంటూ వచ్చి గొట్టంలో మూతి పెట్టి అరిచాడు. "ఓరేయ్! నెత్తి మీదికి వరదొస్తుంటే పులుసు సంగతి చెప్పినవాడికి నా పిల్లనివ్వను!"

పైన నక్క ఇంకా గొట్టం వదల్లేదు. తాబేలు తాత వాడి తోక పట్టి పక్కకు లాగి, కప్పను గొట్టం ముందు కూర్చోబెట్టాడు.

అక్కరకొచ్చే మాటకు దారి ముందే ఖాళీగా ఉంచాలి, అక్కర పడ్డాక అడిగితే దొరకదు.