నికండ్రుడి మీద మూడు తాటాకులు

రాజుగారు సంగీతకారుల కోశం రాయిస్తున్నారు. అందులో ఎవరి పేరు ఎక్కాలో తేల్చేది ఆస్థాన పండితుడు సర్వేశ్వర సోమయాజి. గ్రంథాలయానికి తాటాకులు కోసి ఇచ్చే నూకయ్య ఆయన దగ్గరికి వెళ్లాడు.

"సముద్రం దాటి వచ్చి మా రేవులోనే బతికి చనిపోయిన యవనుడు నికండ్రుడి పేరు కూడా ఎక్కించండి, అయ్యగారూ. పడవలు లాగుతూ మావాళ్లు పాడేవన్నీ ఆయన కట్టిన పాటలే."

"అతని గురించి ఏ పండితుడైనా రాశాడా? మన గ్రంథాలయంలో ఒక్క ఆకైనా ఉందా? లేకపోతే కుదరదు. అదీ నియమం."

"అలాగేనండి. కాదన్నప్పుడు కారణం రాసి గ్రంథాలయంలో దాచాలన్నదీ నియమమే కదండీ" అంటూ నూకయ్య తాటాకులు అందించాడు.

సోమయాజి ఊరుకునే మనిషా! యవనుడి పుట్టుక, పాటలు, చావు అన్నీ వాకబు చేయించి, ఇలాంటి అనామకుడికి కోశంలో చోటు లేదని మూడు ఆకుల నిండా రాసి గ్రంథాలయంలో పెట్టించాడు.

మర్నాడు నూకయ్య ఆ ఆకులే తెచ్చి రాజుగారి ముందు పెట్టాడు. "పండితులే రాశారు, ప్రభూ. గ్రంథాలయంలోనే దొరికాయి."

"నేను రాసింది వాడు పనికిరాడని!" అని సోమయాజి అరిచాడు.

"రాసి ఉండాలన్నారు గానీ, పొగిడి ఉండాలనలేదు కదండీ. ఇది చెల్లదని మీరు మళ్లీ రాస్తానంటే కొత్త ఆకులు కూడా తెచ్చాను. అప్పుడు ఆయన మీద రెండు గ్రంథాలవుతాయి."