వేరు దొడ్డికి వైద్యుడు

ఎర్రగుట్ట అంత పెద్ద గుట్టేమీ కాదు. చందమామ దాన్ని దాటాలంటే మధ్యలో రెండుసార్లు కూర్చుని ఆయాసం తీర్చుకునేవాడు, అంతే. ఆ గుట్ట కింద, వాగుకి ఇవతల, రేగుకంపలు అల్లి కట్టిన పిల్లల దొడ్డి ఒకటుండేది. తల్లులు పొద్దున్నే పిల్లల్ని అందులో దింపి మేతకి పోయేవి. పొద్దు వాలాక వచ్చి, ఎవరి పిల్లని వారు వాసన చూసుకుని తీసుకుపోయేవి.

దొడ్డిని చూసుకునేది బూడిదమ్మ అనే ముసలి గాడిద. ఆవిడ చెవులు ఎంత పొడుగంటే, ఒక్కసారి ఆడిస్తే ఈ గుట్ట మీద ఈగలు లేచి పక్క గుట్ట మీద వాలేవి. ఓపిక చెవులకన్నా పొడుగు. దూడలు తోక పట్టుకు నమిలినా, "నమలండర్రా, ఇది ఊడితే ఇంకోటి మొలుస్తుందేమో చూద్దాం" అనేది.

అంతటి బూడిదమ్మకీ ఒక్క పేరు వింటే ఒళ్ళు చల్లబడేది. గాలికుంటు.

రెండు వానాకాలాల కిందట ఆ రోగం దొడ్డిలోకి వచ్చింది. పిల్లల నాలుకల మీద బొబ్బలు, గిట్టల సందుల్లో పుండ్లు. పాలు కుడవలేవు, కాలు మోపలేవు. ఎవరి నుంచి ఎవరికి అంటిందో తెలిసేలోపే దొడ్డి సగం ఖాళీ అయింది. గాడిదలకి ఆ రోగం రాదు. అందుకని బూడిదమ్మ ఒంటి మీద చిన్న పొక్కయినా లేకుండా నిలబడి, అన్నీ చూసింది. ఆ ఏడంతా సాయంత్రం పూట కొందరు తల్లులు, తీసుకుపోవడానికి పిల్లలు లేకపోయినా, కంప దగ్గరికి వచ్చి కాసేపు నిలబడి పోయేవి. వాటిని ఎందుకొచ్చారని ఆవిడ ఎన్నడూ అడగలేదు.

ఈ ఏడు తొలి చినుకులు పడగానే కాకి కబురు తెచ్చింది.

"వాగు అవతల మందలో ఎద్దులు సొంగ కారుస్తున్నాయత్తా. కాళ్ళు విదిలిస్తున్నాయి."

"గాలి ఎటు నుంచి వీస్తోంది?"

"అటు నుంచి ఇటే."

ఆ సాయంత్రం పిల్లల్ని తీసుకుపోవడానికొచ్చిన తల్లులందర్నీ బూడిదమ్మ వాకిట్లోనే ఆపింది.

"రోగం వచ్చాక పరిగెత్తితే ఏమైందో పోయినసారి చూశాం. ఈసారి అది రాకముందే మనం సిద్ధంగా ఉండాలి. వాకిట్లో గుంట తవ్వి వేపాకు నీళ్ళు పోశాను, ఎవరు వచ్చినా ఎవరు పోయినా గిట్టలు అందులో ముంచాలి. పొద్దున్నే ప్రతి పిల్ల నోరూ, గిట్టలూ చూశాకే లోపలికి. అనుమానముంటే గుట్టకి అటుపక్క కట్టిన వేరు దొడ్డికి పంపాలి. రోగమున్న పిల్లని ముట్టుకున్నవాళ్ళెవరైనా పుండ్లు మానిందాకా మిగతా పిల్లల దగ్గరికి రాకూడదు. నాతో సహా."

"నీకు రాదుగా ఆ రోగం?" అంది చుక్కి. మాట పట్టుకుంటే మాట లాగే మేక అది.

"నాకు రాదు. నా గిట్టలకంటుకుని మీ పిల్లల దగ్గరికి వస్తుంది. పోయినసారి అలా ఎన్నిసార్లు వచ్చిందో నాకు తెలియదు, అదే నా బాధ."

చుక్కి నోరు మూసుకుంది. చుక్కి నోరు మూసుకోవడం ఎర్రగుట్ట పుట్టాక అదే మొదటిసారి.

వెనకనించి ముత్తి అనే గొర్రె మెల్లిగా అడిగింది. ఎముకల మీద ఉన్ని కప్పినట్టుండేది ఆ పిల్లతల్లి. "పిల్లకి రోగమొచ్చి నేను పక్కన కూర్చుంటే, నా మేతెట్లా అత్తా? మేత లేకపోతే పాలెట్లా?"

"ముందు పిల్ల బతకాలి కదే" అంది బూడిదమ్మ. ఆ మాట జవాబు కాదని అప్పుడు ఎవరికీ తోచలేదు, బూడిదమ్మకి కూడా.

కాటుకమ్మ అనే గేదె ముందుకొచ్చింది. ఆవిడ పక్కన నిలబడితే పట్టపగలే చీకటి పడిందని మిణుగురులు బయల్దేరేవి, అంత నలుపు. "అంతా బాగుంది వదినా. నువ్వు వేరు దొడ్డిలో కూర్చుంటే ఈ దొడ్డి నేను చూస్తాను. కానీ పొద్దున్నే ఇంతమంది పిల్లల నోళ్ళు చూడాలి, అటు రోగుల్ని కనిపెట్టుకోవాలి. ఒక్కదానివి ఎక్కడని చస్తావు?"

అప్పుడే తంగేడు పొద వెనకనించి దగ్గు వినిపించింది. నక్క చెంగయ్య.

"చాటుగా విన్నాననుకోకండి తల్లీ. దారిన పోతుంటే చెవిన పడింది. నాకు గిట్టలు లేవు, పంజాలు. ఆ రోగం నా జోలికి రాదు. పైగా మా తాత ఏడు అడవులకి నాడి చూసినవాడు."

"మీ తాత నాడి చూసినవాళ్ళెవరైనా మిగిలారా మామా?" అంది చుక్కి.

"నా పళ్ళు చూడు చుక్కీ, అన్నీ కదిలిపోతున్నాయి. రేగుపండు నమలడానికే చస్తున్నాను. ఈ వయసులో నలుగురు పసిపిల్లలకి సేవ చేసి పోదామని ఆశ. ఇష్టం లేకపోతే పోతాను."

పోలేదు. తల్లులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నాయి. ఇంకెవరూ ముందుకి రాలేదు. బూడిదమ్మకి మనసొప్పలేదు గానీ, రెండు దొడ్లకి తానొక్కతే అన్న భయం ఆవిడ చేత తల ఊపించింది.

మర్నాడు పొద్దున్నే చెంగయ్య వాకిట్లో బండ మీద కూర్చున్నాడు. మొహం ఎంత గంభీరంగా పెట్టాడంటే, అటుగా పోతున్న తుమ్మెద కూడా నోరు తెరిచి చూపించింది. మొదట చుక్కి కొడుకు. గుమ్మడికాయలాంటి పిల్లాడు. చెంగయ్య వాడి వెనక తొడ పట్టి, కళ్ళు మూసుకుని, నెమ్మదిగా నొక్కాడు.

"ఉంది. వేరు దొడ్డికి."

"పొద్దున్నే రెండు పొదలు మేసొచ్చాడు మామా, వాడికేం రోగం?"

"అతి ఆకలే మొదటి గుర్తు తల్లీ."

తరవాత అడవిపంది పిల్లలు రెండు. రెండూ నెయ్యి ముద్దల్లా మెరుస్తున్నాయి. వాటి వీపులూ తొడలూ నిమిరి, అయ్యో పాపమని నిట్టూర్చి, వేరు దొడ్డికే పంపాడు. ఈ పూటకి ముగ్గురికీ తానే కాపలా ఉంటానని తల్లుల్ని మేతకి పొమ్మన్నాడు. కాటుకమ్మ దూడ అప్పుడే పాలు మానింది, కాస్త చిక్కి ఉంది. "దీనికేం లేదు, లోపలికి." ఆఖర్న ముత్తి కూతురు. చెంగయ్య దాని పక్కటెముకలు తడిమి చటుక్కున చెయ్యి తీసేశాడు.

"దివ్యంగా ఉంది. పంపేయ్."

ముత్తి ఏదో చెప్పబోయింది. పిల్ల వైపు చూసింది, మేత బీడు వైపు చూసింది. తల వంచుకుని మంద వెంట వెళ్ళిపోయింది.

తల్లులు గుట్ట మలుపు తిరిగాయి. బూడిదమ్మ నీళ్ళతొట్టి దగ్గరికి వచ్చేసరికి ముత్తి కూతురు, కాటుకమ్మ దూడా పక్కపక్కనే మూతులు పెట్టి ఉన్నాయి. దూడ తాగుతోంది. గొర్రెపిల్ల తాగడం లేదు. మూతి నీళ్ళలో పెట్టి ఊరికే నిలబడింది. గడ్డం నుంచి సన్నటి తీగలా సొంగ.

బూడిదమ్మ దాని పెదవి పైకెత్తి చూసింది. నాలుక మీద తెల్లటి బొబ్బ.

ఆవిడ తొట్టిని ఒక్క తన్నుతో బోర్లించింది. దూడని అవతలికి పొమ్మని, గొర్రెపిల్లని వాకిలి బయటికి నడిపించి ఓ పొద నీడన పడుకోబెట్టింది. పడుకోబెడుతుండగా ఇంకోటి తట్టింది. గాలికుంటు నోట్లో కనబడుతుంది, గిట్టలో కనబడుతుంది. పొద్దున్నించీ చెంగయ్య ఒక్కరి నోరయినా తెరవలేదు. చూసినవన్నీ తొడలే. పంపినవన్నీ బలిసినవే.

తల తిప్పి చూస్తే బండ ఖాళీ. చెంగయ్య గుట్ట వారనే, తొందరేమీ లేనట్టు, వేరు దొడ్డి వైపు నడుస్తున్నాడు.

పరిగెత్తి పట్టుకునే కాళ్ళు కావు ఆవిడవి. గొంతు సవరించుకుని, ఎప్పటి గొంతుతోనే పిలిచింది.

"వైద్యులవారూ, ఒక్క అనుమానం తీర్చి పోండి. మేత దాచే కంచెలో ఒకడు దాక్కున్నాడు. ఎంత ఒళ్ళో, అసలు లేవలేకపోతున్నాడు. అది రోగమో కొవ్వో నాకు పాలుపోవడం లేదు."

చెంగయ్య ఆగాడు. "మరీ అంత ఒళ్ళా?"

"పట్టి చూస్తే మీకే తెలుస్తుంది."

వేరు దొడ్డిలో ఉన్నవి ఎక్కడికీ పోవు కదా అనుకున్నాడు. వెనక్కి వచ్చాడు. ముళ్ళకంచెలో దూరి ఎండుగడ్డి మొత్తం తిరగేశాడు. ఎవరూ లేరు. తల ఎత్తేసరికి కంచె వాకిలికి అడ్డంగా కంప పడింది, కంపకి అడ్డంగా బూడిదమ్మ వెనక కాళ్ళు నిలబడ్డాయి. అప్పుడు ఆవిడ ఓండ్ర పెట్టింది. ఆ ఓండ్రకి ఏడు కోసుల దూరంలో కోళ్ళు గుడ్లు పెట్టడం మానేశాయట. తల్లులు మేత నోట్లోనే పెట్టుకుని పరిగెత్తుకొచ్చాయి.

"ఎవరూ నా దగ్గరికి రాకండి, దూరంగా నిలబడండి" అంది బూడిదమ్మ. "వైద్యులవారు ముగ్గురికి గాలికుంటు ఉందని చెప్పారు. ముగ్గుర్నీ తన చేత్తో ముట్టుకున్నారు. ముట్టుకున్నవాళ్ళు పుండ్లు మానిందాకా బయటికి రాకూడదని అందరం అనుకున్నాం కదా. అందుకని ఈయన్ని ఇక్కడ ఉంచాను. రోగులు తినే నానబెట్టిన గడ్డే ఈయనకీను."

చెంగయ్య గడ్డి వైపు చూశాడు. మీసాలు వాలిపోయాయి.

"పుండ్లు ఎన్నాళ్ళకి మానతాయి?"

"రోగం ముదిరితే వానలు వెళ్ళిందాకా ఉండాలి. తమకి తెలియందేముంది?"

"అత్తా, కాస్త నా మాట విను. ఆ ముగ్గురికీ ఏమీ లేదు. రాయిలా ఉన్నారు. నేను ఊరికే ఒళ్ళు ఎలా ఉందో చూశానంతే."

"ఊరికేనా?" అంది చుక్కి. "దేనికి చూశావు మామా ఒళ్ళు?"

చెంగయ్య నాలుక చటుక్కున మూతి మీదికి వచ్చి వెనక్కి పోయింది. చెప్పనక్కర్లేకపోయింది. పంది తల్లి గుర్రుమంటూ కంప మీదికి రాబోతే కాటుకమ్మ అడ్డం నిలబడింది.

"ఏమీ లేదని నేనే చెప్పాను కదా, ఇంక నన్ను వదలండి" అన్నాడు చెంగయ్య.

"వాళ్ళకి లేదు, నిజమే" అంది బూడిదమ్మ. "నువ్వు దివ్యంగా ఉందని లోపలికి పంపావే, ముత్తి కూతురు, దానికి ఉంది. దాన్నీ నువ్వే పట్టుకున్నావు. ఎటు చూసినా నీ చోటు ఇదే."

తల్లుల మధ్యనించి చిన్న శబ్దం వచ్చింది. ముత్తి మందలోంచి విడిపడి ఎడంగా నిలబడింది.

"నాకు తెలుసత్తా. పొద్దున్నే అది పాలు కుడవలేదు. సొంగ నేనే నాకి శుభ్రం చేశాను. దాన్ని పెట్టుకుని ఇంటి దగ్గర కూర్చుంటే నా పొదుగు ఎండిపోతుంది, ఎలాగూ చచ్చిపోతుందనుకున్నాను. ఈయన చూసి పొమ్మంటే పోతానులే, ఉండమంటే ఉండిపోతానులే అని వరసలో నిలబడ్డాను. ఈయన బాగుందన్నాడు. నమ్మాలనిపించింది."

బూడిదమ్మకి నిన్నటి ప్రశ్న గుర్తొచ్చింది. గుంట తవ్వింది, నీళ్ళు పోసింది, దొడ్డి కట్టింది. పిల్ల పక్కన కూర్చునే తల్లి కడుపు సంగతి ఆలోచించలేదు.

"తప్పు నీ ఒక్కదానిదే కాదే" అంది. "నువ్వడిగావు, నేను సరిగ్గా చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నాను. పిల్లతో వేరు దొడ్డిలో కూర్చునే తల్లికి, మేతకి పోయే తల్లులందరూ తలా ఒక కబళం తెచ్చి కంప మీద నుంచి వెయ్యాలి. అది లేకుండా ఈ కట్టుబాట్లేవీ నిలబడవు."

కాటుకమ్మ నోట్లో ఇంకా నమలని పచ్చగడ్డి ఉంది. అది తెచ్చి ముత్తికి కాస్త దూరంలో నేల మీద పెట్టింది. చుక్కి వేపనీళ్ళలో గిట్టలు ముంచి, వేరు దొడ్డిలోని ముగ్గుర్నీ తోలుకొచ్చింది. అవి ఇవతలికి వచ్చాక, బూడిదమ్మా ముత్తీ గొర్రెపిల్లని తీసుకుని అటు వెళ్ళాయి. పెద్ద దొడ్డి వాకిట్లో కాటుకమ్మ నిలబడింది. మర్నాటి నుంచీ పొద్దున్నే ప్రతి నోరూ తెరిచి చూసింది. చూడమని అడగకముందే తల్లులు తామే చెప్పడం మొదలుపెట్టాయి, రాత్రి ఒళ్ళు వెచ్చగా ఉందనీ, కుంటుతోందనీ.

గొర్రెపిల్ల చాలా నీరసపడింది. కానీ తల్లి పాలు ఆగలేదు. బొబ్బలు పగిలి, మెల్లిగా మానాయి.

కాటుకమ్మ ఒక పొద్దున తన దూడ నోరు తెరిచి, చాలాసేపు అలాగే చూస్తూ ఉండిపోయింది. తరవాత వాకిలి చుక్కికి అప్పజెప్పి, దూడని తానే వేరు దొడ్డికి నడిపించుకుంటూ పోయింది. గొర్రెపిల్లతో ఒకే తొట్టిలో ఒకే పూట పక్కపక్కన మూతి పెట్టినందుకు అంటింది. అందరూ కబళాలు వేశారు. బూడిదమ్మ రెప్ప వెయ్యలేదు. దూడ ప్రాణం నిలవలేదు. ఇంకెవరికీ రోగం పాకలేదు.

ఆఖరి పుండు మానిన రోజు చెంగయ్య కంచె ముందు కంప తీశారు. నక్కలో తోక ఒక్కటే మిగిలింది. నక్క తోకని మోస్తోందో తోక నక్కని మోస్తోందో పోల్చుకోలేకపోయాయి ఈగలు. బూడిదమ్మ వేపాకు గుంట చూపించింది. నాలుగు కాళ్ళూ ముంచాడు. వాకిట్లో కాటుకమ్మ నిలబడి ఉంది.

"వదినా, దారి" అన్నాడు నేలచూపులు చూస్తూ.

"పోదువుగాని. ఆ పూట ఆ గొర్రెపిల్ల నోరు తెరిచి చూడటానికి నీకెంతసేపు పట్టేది చెంగయ్యా?"

ఏడు అడవుల కబుర్లు నోట్లో ఉన్నవాడు. ఒక్క మాటతో సరిపెట్టాడు.

"రెప్పపాటు" అన్నాడు.

కాటుకమ్మ పక్కకి జరిగింది. చెంగయ్య తల ఎత్తకుండా వాగు దాటి వెళ్ళిపోయాడు.

నీతి: రోగాన్ని వెతకాల్సిన కన్ను తన ఆకలిని వెతుక్కుంటే, దానికి బలయ్యేది పసిపిల్లలే.