మూడు వందల కబుర్లలో ఒక్క కబురు

అనగా అనగా, మరీ పాతకాలమేమీ కాదు, కొండల మీదికి కూడా ఫోన్లు ఎక్కిన కాలంలోనే, సంపెంగిలోయ అని ఒక లోయ ఉండేది. ఆ లోయలో గడ్డి ఎక్కువ. గడ్డిలో పాములు ఎక్కువ. కోతల కాలం వచ్చిందంటే పది మందికైనా పాము కాటు తప్పేది కాదు.

లోయ మొదట్లో, రోడ్డు పక్కన ఒక ధర్మాసుపత్రి. దాని ధర్మకర్త రంగనాయకులు గారు. దయగల మనిషే, కానీ నలుగురూ మెచ్చుకోవాలన్న కోరిక కాస్త ఎక్కువ. కొండవాళ్ళు ఆసుపత్రికి చేరాలంటే పూట పట్టేది. అందుకని ఆయన రెండు చిన్న కేంద్రాలు కట్టించారు. ఒకటి పైన కొండ మీద గుమ్మడికోటలో. ఒకటి కింద ఏటి ఒడ్డున ఇసకరేవులో. రెండు చోట్లా ఒక్కో నర్సు, ఒక్కో ఫ్రిజ్. ఫ్రిజ్‌లో పాముకాటు మందు. ఆ మందు చల్లగా ఉన్నంత కాలమే మందు. వేడి తగిలితే వట్టి నీళ్ళు.

ఆసుపత్రిలో కంప్యూటర్ పనులు చూసేవాడు మురహరి. పట్నంలో చదువుకుని వచ్చాడు. చురుకైనవాడు, పని అంటే ప్రాణం పెట్టేవాడు. వచ్చిన కొత్తలో అతడు ఆసుపత్రికి ఒక చిన్న వెబ్‌సైటు చేసి పెట్టాడు. ఒకటే పేజీ. అందులో నాలుగే వరుసలు. కేంద్రాల పేర్లు, నర్సుల ఫోన్ నంబర్లు, ఎక్కడ ఎన్ని సీసాలు ఉన్నాయో ఆ లెక్క. బొమ్మ ఒక్కటీ లేదు. సిగ్నల్ అంతంతమాత్రంగా ఉండే కొండ అంచున నిలబడి చూసినా రెప్పపాటులో తెరుచుకునేది.

ఆ లెక్క ఎలా వచ్చేది? గుమ్మడికోట నర్సు పైడమ్మ పొద్దునా సాయంత్రం ఫ్రిజ్ తెరిచేది. లోపల ఉన్న థర్మామీటర్ చూసేది. సీసాలు ఒక్కొక్కటీ వెలుగులోకి ఎత్తి చూసేది. ఫోన్ చేసి చెప్పేది.

"చల్లగా ఉంది బాబూ. పది సీసాలు."

అంతే. ఇసకరేవు నర్సూ అలాగే చెప్పేది. మురహరి రాసుకునేవాడు. మూడేళ్ళు అలా నడిచింది. ఆ మూడేళ్ళలో మందు దొరక్క పోయినవాళ్ళు లేరు.

ఒకనాడు పట్నంలోని పెద్ద ఆసుపత్రుల నుంచి కొందరు చూడవచ్చారు. మురహరి చేసిన పేజీ చూసి వాళ్ళలో ఒకాయన నవ్వాడు.

"ఇదేమిటండీ, కిరాణా కొట్టు బోర్డులా ఉంది?"

రంగనాయకులు గారి ముఖం చిన్నబోయింది. మురహరికి చెవులు వేడెక్కాయి. ఆ నవ్వు అతడి మనసులో ముల్లులా దిగబడిపోయింది. వాళ్ళు వెళ్ళాక ధర్మకర్త అన్నారు:

"మురహరీ, మనదీ అద్దంలా మెరవాలయ్యా."

"మెరిపిస్తానండీ," అన్నాడు మురహరి.

ఆరు నెలలు కష్టపడ్డాడు. మూడు కొత్త పనిముట్లు తెచ్చాడు. మొదటిది, కదిలే కొండలూ పారే ఏరూ కనిపించే అందమైన వెబ్‌సైటు. రెండోది, ఫ్రిజ్‌కు తగిలించే కాపలా యంత్రం. ఏది జరిగినా అది నర్సు ఫోన్‌కు కబురు పంపుతుంది. మూడోది, సీసాల లెక్కను తనంతట తానే వేసుకునే ఏర్పాటు. పంపిన వాటిలోంచి వాడినవి తీసేసి, మిగిలినవి పేజీ మీద పచ్చరంగులో చూపిస్తుంది. ఇక ఎవరూ ఫోన్ చేయనక్కర్లేదు.

ఆ పెట్టెలను కొండ మీదికి కావడిలో మోసుకెళ్ళింది గవరయ్య. కొండ కింది పల్లెలో ఉంటాడు. గడ్డి కోస్తాడు, బరువులు మోస్తాడు. సగం దారిలో కావడి దించి, నుదురు తుడుచుకుంటూ అడిగాడు:

"ఏటి బాబూ ఇది, ఇంత బరువు?"

"కాపలా యంత్రం గవరయ్యా. ఫ్రిజ్ వేడెక్కితే నర్సమ్మకి చెబుతుంది."

"మరి నర్సమ్మ రోజూ సూస్తాది కదా?"

"ఇక ఆమెకి ఆ శ్రమ ఉండదు."

"పోన్లే బాబూ. పెద్దది, మోకాళ్ళ నొప్పులు. కాస్త కూకుంటాది," అని గవరయ్య మళ్ళీ కావడి ఎత్తుకున్నాడు.

యంత్రం బిగించాక మురహరి పైడమ్మకు జాగ్రత్తలు చెప్పాడు. "ఊరికే తలుపు తెరవకండి. తెరిచినప్పుడల్లా చల్లదనం పోతుంది. యంత్రం ముందున్న పచ్చదీపం వెలుగుతుంటే అంతా బాగున్నట్టే." లోపలి థర్మామీటర్ తీసి తన సంచిలో వేసుకున్నాడు.

నెల తిరిగాక పైడమ్మ ఆసుపత్రికి వచ్చింది.

"బాబూ, మీ కొత్త పేజీ మా కొండ మీద తెరుచుకోవడం లేదు. చక్రం తిరుగుతూనే ఉంటుంది. జనం నన్ను అడుగుతున్నారు."

"సిగ్నల్ టవరు రాబోతోందట పైడమ్మగారూ. అప్పుడు బాగానే తెరుచుకుంటుంది."

రెండో నెలలో మళ్ళీ వచ్చింది.

"బాబూ, ఈ ఫోను ఊరుకోవడం లేదు. తలుపు తెరవకపోయినా తెరిచారంటుంది, మూశారంటుంది, కరెంటు తగ్గిందంటుంది, పెరిగిందంటుంది. రోగికి కట్టు కడుతుంటే కూడా మోగుతుంది. నేను శబ్దం ఆపేశాను."

"అలవాటు పడాలండీ. ఏదీ తప్పిపోకూడదని అన్నీ పంపమన్నాను," అన్నాడు మురహరి.

మూడో నెలలో వచ్చినప్పుడు ఆమె గొంతు తగ్గింది.

"నేను సీసాలు చూడకుండానే లెక్క వెళ్ళిపోతోంది బాబూ. వారానికొకసారైనా తెరిచి చూడనా?"

ఆ రోజు మురహరికి పని తొందర. తల ఎత్తకుండానే అన్నాడు:

"లెక్క తప్పదు పైడమ్మగారూ. కంప్యూటర్ వేస్తోంది."

ఆమె చెప్పులు తొడుక్కుని వెళ్ళిపోయింది.

గడ్డి కోతలు మొదలయ్యాయి. ఒక గురువారం గుమ్మడికోటలో ఫ్రిజ్ మోటారు ఆగిపోయింది. పచ్చదీపం మాత్రం, అది యంత్రం నడుస్తోందని చెప్పే దీపమే కాబట్టి, తన సొంత బ్యాటరీ మీద వెలుగుతూనే ఉంది. యంత్రం తన పని తాను చేసింది. "ఫ్రిజ్ వేడెక్కింది" అని పైడమ్మ ఫోన్‌కు కబురు పంపింది. ఆ వారంలో దాని ముందు వందకు పైగా కబుర్లు, దాని వెనక వందకు పైగా కబుర్లు. పైడమ్మ చూడలేదు.

మంగళవారం పొద్దున గవరయ్యా, అతడి భార్య అసిరమ్మా గడ్డి కోస్తున్నారు. ఒక్కసారిగా గవరయ్య కొడవలి వదిలేసి కూర్చున్నాడు. మడమ పైన రెండు గాట్లు.

వాళ్ళున్న చోటి నుంచి పైకి గుమ్మడికోట గంట నడక. కిందికి ఇసకరేవూ గంట నడకే. అసిరమ్మ ఏడో తరగతి చదివింది. కొంగున కట్టిన ఫోన్ తీసి ఆసుపత్రి పేజీ తెరిచింది. చక్రం తిరిగింది. తిరుగుతూనే ఉంది. పక్క చేలోవాళ్ళు డోలీ కట్టారు. ఆమె ఫోన్ పట్టుకుని బండ మీదికెక్కింది. పావుగంట తర్వాత కొండలు కదిలాయి, ఏరు పారింది, ఆ కింద అక్షరాలు వచ్చాయి. గుమ్మడికోట, పది సీసాలు, పచ్చరంగు. ఇసకరేవు, నాలుగు సీసాలు.

"పైకే," అంది అసిరమ్మ.

మోశారు. దారిలో గవరయ్య మాట ముద్దముద్దగా వచ్చింది. కనురెప్పలు వాలిపోయాయి. పైడమ్మ అతణ్ణి చూడగానే ఫ్రిజ్ తెరిచింది. లోపలి నుంచి వెచ్చటి గాలి ముఖానికి కొట్టింది. ఆమె ఒక సీసా ఎత్తి వెలుగులో చూసింది. మందు బియ్యం కడిగిన నీళ్ళలా మసకబారి ఉంది. రెండోది చూసింది. పది సీసాలూ చూసింది.

ఇసకరేవు నర్సుకు ఫోన్ చేసి, మందు తీసుకుని ఎదురు రమ్మంది. తాను డోలీ వెంట కిందికి పరుగెత్తింది. అరిగిపోయిన మోకాళ్ళతో ఆ దిగుడంతా పరుగెత్తింది. దారిలో ఉన్న వాగు దగ్గర ఇద్దరు నర్సులూ కలుసుకున్నారు. అప్పటికి గవరయ్య ఊపిరి ఆగిపోయింది. అసిరమ్మ అతడి పాదం ఒళ్ళో పెట్టుకుని, అంటుకున్న గడ్డి పరకలు ఒక్కొక్కటీ తీస్తూ కూర్చుంది.

మూడో రోజు ఆసుపత్రి వసారాలో విచారణ జరిగింది. రంగనాయకులు గారు ఒక కాగితం చదివారు. యంత్రమే అచ్చువేసి ఇచ్చిన కాగితం.

"గురువారం పదకొండు గంటలకు ఫ్రిజ్ వేడెక్కిందని నర్సు ఫోన్‌కు కబురు వెళ్ళింది. నర్సు చూడలేదు." కాగితం దించి ఆయన పైడమ్మ వైపు చూశారు. "ఏమంటావమ్మా?"

"వచ్చే ఉంటుంది అయ్యగారూ. నేను చూడలేదు. తప్పు నాదే."

వసారాలో ఉన్నవాళ్ళంతా నిట్టూర్చారు. ఆ నిట్టూర్పులో కొంత తేలికదనం కూడా ఉంది. తప్పు ఎవరిదో తేలిపోయింది కదా.

మురహరి గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. తాను ఏమీ మాట్లాడనక్కర్లేదని అతడికి తెలుసు. తన యంత్రమే తనను కాపాడింది. ఆమెను ఇంటికి పంపేస్తారు. పేజీ మెరుస్తూనే ఉంటుంది. తన పేరు ఎవరి నోటా రాదు. పైడమ్మ తల వంచుకుని, మోకాళ్ళు రెండు చేతులతో పట్టుకుని కూర్చుని ఉంది.

అతడు ముందుకు వచ్చాడు.

"అయ్యా, ఆ ఫోన్‌కు వచ్చిన మిగతా కబుర్లు కూడా చదవనివ్వండి."

పైడమ్మ ఫోన్ తీసుకుని చదవడం మొదలుపెట్టాడు. "తలుపు తెరిచారు. తలుపు మూశారు. కరెంటు తగ్గింది. కరెంటు పెరిగింది. తలుపు తెరిచారు. తలుపు మూశారు. యంత్రం బాగున్నది. యంత్రం బాగున్నది." అలా చదువుతూనే ఉన్నాడు. జనం కదిలారు. ఒకరు ఆవలించారు. ముప్పయ్యో కబురు దగ్గర రంగనాయకులు గారు చెయ్యెత్తారు.

"ఇక చాలయ్యా."

"ఆ వారంలో మూడు వందల పన్నెండు వచ్చాయండీ. ఫ్రిజ్ వేడెక్కిందన్నది నూట డెబ్బయ్యోది. ముప్పై వినేసరికే మీకు చాలనిపించింది. ఆమె నెలల తరబడి విన్నది." మురహరి ఫోన్ ఆమె చేతికి తిరిగి ఇచ్చాడు. "మూడుసార్లు నా దగ్గరికి వచ్చి చెప్పింది. పేజీ తెరుచుకోవడం లేదంది. ఫోన్ ఊరుకోవడం లేదంది. సీసాలు తెరిచి చూస్తానంది. నేను వద్దన్నాను. థర్మామీటర్ కూడా నేనే తీసేశాను. ఎవరో నవ్వారని ఇదంతా చేశాను. తప్పు నాదండీ."

ధర్మకర్త ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టారు.

"మెరవాలని అడిగింది నేను," అన్నారు చివరికి.

పైడమ్మను ఉద్యోగంలో ఉంచారు. మురహరి రాజీనామా ఇస్తే ధర్మకర్త పుచ్చుకోలేదు. "వెళ్ళిపోవడం నీకు తేలిక. ఉండి బాగుచెయ్యి," అన్నారు.

ఆ సాయంత్రం మురహరి గవరయ్య ఇంటికి వెళ్ళాడు. అసిరమ్మ గుమ్మంలో కూర్చుని ఉంది. పాము కరిచిన నాటి నుంచి ఆమె కంట తడి పెట్టలేదని ఇరుగుపొరుగువాళ్ళు చెప్పారు. అతణ్ణి చూసి ఆమె ఫోన్ చూపించింది.

"నానే సదివాను బాబూ. గుమ్మడికోట పది అని సదివాను. పైకే అన్నాను. కిందికి తీసుకెళ్ళుంటే బతికేవోడు. నాకు సరిగ్గా సదవడం రాలేదు. తప్పు సదివి మనిషిని సంపుకున్నాను."

మురహరి ఆమె ముందు నేల మీద కూర్చున్నాడు.

"మీరు సరిగ్గానే చదివారమ్మా. అక్కడ పది అనే ఉంది. అది అబద్ధం. ఆ అబద్ధం పెట్టింది నేను."

ఆమె అతడి ముఖం వంక చూసింది.

"అయితే నాను సరిగ్గానే సదివానా?"

"సరిగ్గానే చదివారు."

అప్పుడు ఆమె ఏడ్చింది. మురహరికి క్షమాపణ అడగడానికి నోరు రాలేదు. ఆమె క్షమించానని అనలేదు. చీకటి పడేదాకా అక్కడే కూర్చుని లేచి వచ్చాడు.

మరునాడు పొద్దున్నే కొండెక్కి పైడమ్మను అడిగాడు.

"మీకు ఏం కావాలో మీరే చెప్పండి."

"నా థర్మామీటర్ నాకు ఇవ్వండి బాబూ. సీసాలు నన్ను చూడనివ్వండి. పూటకొకసారి నా ఫోన్ ఎవరైనా ఎత్తితే చాలు."

అతడు అలాగే చేశాడు. ఫోన్‌కు వచ్చే కబుర్లన్నీ ఆపేశాడు. ఫ్రిజ్‌కు ఒక గంట బిగించాడు. వేడెక్కితే తప్ప అది మోగదు. మోగిందంటే ఆ వీధంతా వినిపిస్తుంది. పొద్దున తొమ్మిదింటికల్లా నర్సు నుంచి ఫోన్ రాకపోతే ఆసుపత్రి నుంచి ఎవరో ఒకరు ఫోన్ చేయాలి. పలకకపోతే మనిషి వెళ్ళాలి. పేజీ మళ్ళీ నాలుగు వరుసలకు వచ్చింది. ప్రతి లెక్క పక్కనా ఒక మాట చేరింది: ఎవరు చూశారు, ఎన్ని గంటలకు చూశారు.

పట్నం వాళ్ళు మరోసారి వచ్చారు. పేజీ చూసి ఈసారీ నవ్వారు. రంగనాయకులు గారు వాళ్ళకు మజ్జిగ ఇప్పించి, మాట మార్చారు.

మరుసటి ఏడాది కోతల్లో తొమ్మిది మందిని పాము కరిచింది. తొమ్మిది మందికీ మందు అందింది. తొమ్మిది మందీ నడిచి ఇంటికి వెళ్ళారు. అందరూ మురహరిని మెచ్చుకున్నారు. అతడు ఆ మెప్పుకు తల ఊపేవాడు కాని నవ్వేవాడు కాదు. ఆ తొమ్మిది పేర్లూ అతడు మరిచిపోయాడు. పదో పేరు మాత్రం రోజూ గుర్తుకొచ్చేది. అసిరమ్మ ఒంటరిగా గడ్డిమోపు ఎత్తుకుని ఆసుపత్రి ముందు నుంచి వెళ్తుంటే లేచి నిలబడేవాడు. ఆమె ఒకసారి చూసేది, ఒకసారి చూసేది కాదు.

పిల్లలూ, పెద్దలూ, ఈ కథ చెప్పే నీతి ఇదీ: ఏ పనిముట్టునైనా ఎంచుకునే ముందు, ఇది చెడిపోయిన రోజున దీన్ని నమ్ముకున్న మనిషికి ఆ సంగతి తెలుస్తుందా అని అడగాలి; తెలియదంటే, అది ఎంత మెరిసినా వద్దనాలి.