గీత దిగిన చోటు

హైమకి గురువు మీద అనుమానం మొదలైంది.

తూర్పు కనుమల్లో ఓ కొండ మీదున్న అబ్జర్వేటరీలో ఆమె జలీల్ గారి దగ్గర పరిశోధన చేస్తోంది. బృహస్పతి చుట్టూ తిరిగే చిన్న చంద్రుడొకటి ఉంది. అందరూ ఎండు రాయే అనుకుంటారు. దాని నుంచి వచ్చే వెలుగులో కంటికి కనపడని పరారుణ కాంతిని యంత్రం గీతగా గీస్తుంది. ఒక్కో పదార్థం ఆ కాంతిని ఒక్కో చోట మింగేస్తుంది. మింగిన చోట గీత కిందికి దిగుతుంది. హైమ గీత సరిగ్గా నీరు మింగే చోటే దిగింది.

సంబరంగా వ్యాసం రాసి ఆయనకిచ్చింది. ఆయన చదివి సొరుగులో పెట్టేశారు. మబ్బులు కమ్ముకున్నాయి, వారాలు గడిచాయి, ఆయన ఆ ఊసే ఎత్తలేదు. ఓ రోజు ఫోన్లో “ఆ రాత్రి వివరాలు నాకు పంపండి” అంటున్నవారు, హైమ గుమ్మంలో కనపడగానే గొంతు తగ్గించారు. పెద్దవాళ్ళు పిల్లల ఫలితాలు ఎలా కాజేస్తారో హాస్టల్లో విన్నవన్నీ ఆమెకి గుర్తొచ్చాయి. ఆ రోజు నుంచి తన గదికి తాళం వేయడం మొదలుపెట్టింది.

ఆకాశం తేటపడ్డ సాయంత్రం ఉండబట్టలేక అడిగేసింది.

“సార్, నా వ్యాసం ఎవరికైనా పంపారా?”

ఆయన ఆమె ముఖంలోకి ఓసారి చూశారు. “పద, డోమ్ తెరుద్దాం.”

ఆమె టెలిస్కోపుని బృహస్పతి చంద్రుడి వైపు తిప్పబోతే ఆపారు.

“పక్కనున్న ఆ నక్షత్రం వైపు తిప్పమ్మా.”

“అందులో నీరుండదు కదా సార్.”

“ఉండదు.”

తిప్పింది. తెర మీద గీత మెల్లగా వచ్చింది. అదే చోట కిందికి దిగింది.

తెరిచిన కప్పులోంచి కొండగాలి లోపలికొస్తోంది. హైమ చెయ్యి చాపింది. మోచేతి మీద సన్నగా చెమ్మ.

“నీ గీత వచ్చిన రాత్రి ఈ నక్షత్రాన్ని ఎప్పుడు కొలిచావు?”

“మన గాలి మింగే వాటా తీసెయ్యడానికి పొద్దుగూకగానే కొలిచాను సార్. అప్పుడు గాలి పొడిగా ఉంది.”

“చంద్రుణ్ణి?”

“తెల్లవారుజామున.”

“అప్పటికి కొండ మీద గాలిలో తేమ బాగా పెరిగిందని వాతావరణ కేంద్రం వాళ్ళు ఫోన్లో చెప్పారు. నీ గీతలో దిగింది ఆ తేమే కావచ్చు. సరిచూడకుండా నీతో ఏమని అనను? మబ్బులు ఇవాళే విడిచాయి.”

హైమ తన గది తాళంచెవి తీసి బల్ల మీద పెట్టింది.

“సార్, నేను మిమ్మల్ని అనుమానించాను.”

“తెలుసు. మరి ఆ గీతని ఎందుకు అనుమానించలేదు?”

“అది నాకు నచ్చింది సార్.”

జలీల్ గారు తల పంకించి, తన కుర్చీని ఆమె వైపు జరిపారు. “కూర్చో. ఇప్పుడు చంద్రుణ్ణి మళ్ళీ కొలుద్దాం.”