నాయుడు మాస్టారి చేతికర్ర

వర్ధనమ్మగారు అడిగిన ప్రశ్నకి వెంటనే జవాబు చెప్పే మనిషి కాదు. విజయనగరంలో ఒక కాలేజీలో చాలాకాలం సంస్కృతం చెప్పి రిటైరయ్యాక, ఆదివారం ఉదయాల్లో తన మేడమీద గదిలో పెద్దవాళ్ళకి ఉపనిషత్తులు చెబుతూ ఉండేవారు. ఎవరైనా సందేహం అడిగితే పుస్తకం మూసి, కళ్ళద్దాలు తీసి దాని మీద పెట్టి, ఊళ్ళో జరిగిన సంగతి ఏదో ఒకటి చెప్పేవారు. శాస్త్రం కోసం వచ్చినవాళ్ళకి మొదట్లో అది వెలితిగా తోచేది. నిలిచిపోయినవాళ్ళు మాత్రం దానికోసమే నిలిచిపోయారు.

ఒక ఆదివారం శివశంకరం నోరు విప్పాడు. కరెంటు ఆఫీసులో ఇంజనీరు, నెమ్మదస్తుడు. పెళ్ళీ పెటాకులూ లేని అన్నగారికి పక్షవాతం వస్తే ఆ ఏడే తన ఇంటికి తెచ్చుకున్నాడు. ఆ అన్నగారు కాఫీలో ఏదో కలిపారని అనుమానపడతాడనీ, కంచం విసిరికొడతాడనీ ఆ గదిలో అందరికీ తెలుసు. శివశంకరం ఆ మాట ఎత్తలేదు.

“అమ్మా, మంచి మనసుతోనే ఒక బరువు ఎత్తుకుంటాం. ఎత్తుకున్నాక అది మనం అనుకున్నది కాదని తెలుస్తుంది. అప్పుడు దించేస్తే తప్పా?” అని అడిగాడు.

వర్ధనమ్మగారు పుస్తకం మూశారు. ఆమె చెప్పిన సంగతి ఇది.

దాలినాయుడు మాస్టారు హైస్కూల్లో డ్రిల్లు మాస్టారుగా పనిచేశాడు. ఆయన విజిలు వేస్తే గ్రౌండు ఈ చివరినుంచి ఆ చివరికి గడ్డిపోచ కూడా కదలదని పిల్లలు అనుకునేవారు. అలాంటి మనిషి రిటైరయ్యాక బాత్రూంలో జారి పడి తుంటి విరగ్గొట్టుకున్నాడు. ఆపరేషను చేసిన డాక్టరు రెండు మాటలు గట్టిగా చెప్పాడు. రోజూ నడవాలి. చేతికర్ర లేకుండా ఒక్క అడుగు కూడా వెయ్యకూడదు.

మాస్టారు నడవలేదు. తను పరుగులు పెట్టించిన ఊళ్ళో కర్ర పొడుచుకుంటూ తిరగడం ఆయనకి చావుకన్నా కష్టంగా ఉంది. భార్య పైడమ్మ చెప్పీ చెప్పీ విసిగిపోయి, చివరికి కుక్కని పెంచుదామంది. కుక్కని తిప్పాలంటే మనిషి గేటు దాటాల్సిందే కదా అని ఆవిడ ఆలోచన. మాస్టారికి ఈ మాట నచ్చింది. కొనుక్కొచ్చే కుక్కపిల్ల వద్దు, ఎవరూ పట్టుకెళ్ళని పెద్దకుక్కని తెచ్చుకుందాం అన్నాడు.

ఊరి చివర షహనాజ్ అనే ఆవిడ వీధికుక్కలకి షెల్టర్ నడుపుతోంది. ఇద్దరూ ఆటోలో వెళ్ళారు. గేటు దగ్గరినుంచి లోపల కూర్చునే బల్ల దాకా నాలుగడుగులే కనక మాస్టారు కర్ర ఆటోలో వదిలేసి పైడమ్మ భుజం పట్టుకుని నడిచాడు. షహనాజ్ గోధుమరంగు ఆడకుక్కని ఒకదాన్ని తీసుకొచ్చింది. ఒక చెవి చీలి ఉంది. అది కాసేపు వాసన చూసి, వచ్చి ఆయన మోకాలి మీద గడ్డం ఆనించింది. ఇంక మాస్టారు రెండో కుక్కని చూడలేదు. గోధుమ అని అక్కడే పేరు పెట్టేశాడు.

ఇంటిముందు ఆటో ఆగింది. దారంతా సీటు వెనకాల పడి ఉన్న కర్రని అందుకుని మాస్టారు కిందికి దిగాడు. ఆ కర్రని చూడగానే గోధుమ కీచుమని అరిచి, ఆటో కింద దూరి, ఉన్నచోటే ఉచ్చ పోసుకుంది.

తరవాత ఇంట్లో జరిగినదంతా దాదాపు అదే. కర్ర టకటక వినిపిస్తే చాలు, కుక్క పెరట్లో బట్టలుతికే బండ వెనక్కి పోయి వణికేది. ఆయన ఇంట్లో తిరుగుతున్నంతసేపూ అన్నం ముట్టేది కాదు. మాస్టారు గ్రౌండులో పిలిచినట్టు “రా ఇలా” అని పిలిచాడు. అది గోడకి ఇంకా అతుక్కుపోయింది. ఒకరోజు మంచం కింద దూరిన కుక్కని పైకి తీద్దామని, కర్ర చేతిలో ఉన్న సంగతి మరిచి వంగాడు. అది మణికట్టు కరిచింది. ఆసుపత్రిలో సూదిమందు వేయించుకుని ఇంటికొచ్చి, తప్పు తనదేనని భార్యతో అన్నాడు. పైడమ్మ ఆ రోజునుంచి కుక్కకి అన్నం దూరంనుంచి తోసేది.

నడవడానికని తెచ్చుకున్న కుక్క మూలంగా మాస్టారికి సొంత ఇంట్లోనే నడవడం పాపమైపోయింది. కర్ర మూల పెట్టేసి గోడలు పట్టుకుని తిరగడం మొదలుపెట్టాడు. అలా ఎంతోకాలం సాగలేదు. ఒక ఉదయం వంటింటి గడప దగ్గర చెయ్యి జారి పడ్డాడు. అదృష్టం కొద్దీ ఎముక విరగలేదు. డాక్టరు చెడామడా తిట్టాడు. ఇంకోసారి పడితే మంచమే గతి అన్నాడు.

పైడమ్మ ఇంటికొచ్చి షహనాజ్‌కి ఫోను చేసింది.

షహనాజ్ ఆ సాయంత్రమే వచ్చింది. తన దగ్గర ఎవరి చేతిలోనూ కర్ర ఉండదనీ, అందుకే ఈ భయం తనకీ తెలియలేదనీ ఉన్నమాట చెప్పింది. మొహమాటపడొద్దు, దీన్ని తీసుకెళ్ళి నెమ్మదైన కుక్కని ఇంకోదాన్ని తెచ్చిస్తానంది. అదైతే దేనికీ బెదరదు, పక్కనే నడుస్తుంది అంది. పైడమ్మకి ప్రాణం లేచొచ్చింది. గోధుమ మెడకి తాడు వేసి గేటు దాకా తీసుకొచ్చారు కూడా.

మాస్టారు వరండాలో కుర్చీలో కూర్చుని చూస్తున్నాడు. తెచ్చినంత సులువుగా పంపేయడం కూడా కుదురుతుందని ఆయనకి అప్పుడే తెలిసింది. ఆ సులువే ఆయనకి మింగుడుపడలేదు.

“ఇది మీ దగ్గరికి తిరిగొస్తే, మళ్ళీ ఎవరైనా తీసుకెళ్తారా?” అని అడిగాడు.

షహనాజ్ కాసేపు తాడు సర్దింది. “కరిచిందని చెప్పాలి కదండీ. చెప్పాక ఎవరూ తీసుకోరు” అంది.

మాస్టారు తల పంకించాడు. “అయితే తాడు విప్పెయ్యండి. నాకు కర్ర తప్పదు. దానికి ఈ భయం తప్పలేదు. రెండూ ఈ ఇంట్లోనే ఉండాలి. ఎలాగో చూద్దాం.”

ఏటండీ ఈ మొండితనం, మళ్ళీ పడితే ఎవరు లేపుతారు అని పైడమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. పడనని ఆయన మాటిచ్చాడు. ఇంక కర్ర లేకుండా అడుగు వెయ్యనని కూడా ఇచ్చాడు. షహనాజ్ తాడు విప్పి, వెళ్ళేముందు ఒక్కటే చెప్పింది. పిలవకండి, దానికేసి చూడకండి, అది మిమ్మల్ని చూస్తే చూడనివ్వండి.

మాస్టారి జీవితంలో పిలవకుండా చేసిన పని లేదు. మర్నాటినుంచి పిలవడం మానేశాడు. పాత సైకిల్ ట్యూబు ముక్క కోయించి కర్ర చివర బిగించాడు, చప్పుడు చావడానికి. కాఫీ తాగాక పెరట్లోకి వెళ్ళి కుర్చీలో కూర్చుని, కర్రని నేలమీద చెయ్యి అందేంత దూరంలో పడుకోబెట్టేవాడు. ఇడ్లీ ముక్కలు తుంపి దానికి ఇంకా అవతలికి విసిరేవాడు. విసిరి గోడమీది పాచికేసి చూస్తూ కూర్చునేవాడు. మొదట్లో కాకులు తిన్నాయి. తరవాత కాకుల మీద కోపంతో కాబోలు, గోధుమ బండ వెనకనుంచి తల బయటపెట్టింది. దూరపు ముక్క తింది. వారాలు గడిచాక కర్రకి దగ్గరున్న ముక్క, మెడ సాగదీసి, కాళ్ళు వెనకే ఉంచుకుని తింది.

అంతలో పక్క సందులో పెళ్ళి వచ్చింది. డప్పులు మోగాయి. ఎవరో డప్పుల దగ్గర కర్రసాము చేశారు. గోధుమ మళ్ళీ బండ వెనక్కి పోయింది. ఇడ్లీ వద్దు, అన్నం వద్దు. బావమరిది చూడవచ్చి, కుక్కకి డ్రిల్లు నేర్పుతున్నావా బావా అని నవ్వాడు. మాస్టారు నవ్వలేదు, కోప్పడలేదు. మర్నాడు కాఫీ తాగి, కర్రని మొదటిరోజు పెట్టినంత దూరంలో మళ్ళీ పడుకోబెట్టాడు.

ఆ రోజు పైడమ్మ పెరటి గుమ్మంలో నిలబడి ఆయన్ని చాలాసేపు చూసింది. ఇడ్లీలు ఇంకో వాయి ఎక్కువ వెయ్యడం ఆ మర్నాటినుంచే మొదలైంది.

పడుకున్న కర్ర తరవాత వేళ్ళతో కొంచెం లేపి దించిన కర్ర అయింది. తరవాత ఒళ్ళో కర్ర. తరవాత నిలబడ్డ మనిషి చేతిలో కదలని కర్ర. ఒక్కో మెట్టు దగ్గరా కుక్క వెనక్కి పోయింది, ఆయనా దానితో పాటు ఒక మెట్టు దిగాడు. చివరికి ఒక ఉదయం పొడుగాటి తాడు కట్టి, కర్ర కుడిచేతిలో, కుక్క ఎడమ పక్క, ఇద్దరూ గేటు దాటారు. వీధి మలుపు దాకా వెళ్ళి తిరిగొచ్చారు. మాస్టారికి చొక్కా తడిసిపోయింది. తను కర్ర పొడుచుకుంటూ వీధిలో నడిచిన సంగతి ఇంటికొచ్చి కూర్చున్నాక గానీ ఆయనకి తట్టలేదు.

అలా రోజూ నడుస్తుండగా ఒకసారి, పాలాయన రోడ్డుకి అడ్డం వచ్చిన గేదెని అదిలించడానికి పెద్ద కర్ర ఎత్తి నేలమీద ఫట్టుమని కొట్టాడు. గోధుమ ఒక్క గుంజు గుంజింది. తాడు మాస్టారి చేతిలోంచి జారిపోయింది. ఆయన పరిగెత్తలేని మనిషి. ఇన్నాళ్ళ పనీ ఈ సందులోంచి పోయిందనుకుని, పిలవబోయిన నోరు పిలవకుండానే ఆపుకుని నిలబడ్డాడు.

కాలికి వెచ్చగా ఏదో తగిలింది. గోధుమ ఎటూ పోలేదు. వెనకనుంచి తిరిగొచ్చి, ఆయన కుడికాలికీ ఆయన పొడిచిన చేతికర్రకీ మధ్య ఉన్న సందులో దూరింది. ఒళ్ళంతా వణుకుతోంది. దాని పక్కటెముకలు ఆ కర్రనే ఒత్తుకుని ఉన్నాయి.

మాస్టారు కదల్లేదు. కదిలితే కర్ర కదులుతుంది. గేదె వెళ్ళిపోయింది. దారివ్వమని బండి మీదొచ్చిన ఆయన హారను కొట్టబోయి, నిలబడ్డ మనిషిని గుర్తుపట్టి, చిన్నప్పటి అలవాటు కొద్దీ బండి ఆపి నిలబడ్డాడు. వణుకు తగ్గేదాకా దారి మధ్యలో అందరూ అలాగే ఉండిపోయారు.

వర్ధనమ్మగారు అంతవరకు చెప్పి ఆగారు. శివశంకరం తల వంచుకుని చాప అంచు చూస్తున్నాడు.

“ఇంక కర్రంటే భయం పోయినట్టేనా అమ్మా?” అన్నాడు చివరికి.

“పోలేదు. ఇప్పటికీ ఎవరు కర్ర ఎత్తినా వణుకుతుంది.”

అతను తలెత్తాడు. “అంతవరకు రావడానికి మాస్టారికి ఎన్నాళ్ళు పట్టింది?”

వర్ధనమ్మగారు కళ్ళద్దాలు పెట్టుకుని, ఆపిన పేజీ వెతుక్కున్నారు.

“నేనూ అదే అడిగాను నాయనా. ఆయనకి గుర్తులేదు.”