ఆచారి సాలు

కొండలకు ఇంకా ఎవరూ పేర్లు పెట్టని కాలం. సుద్దమడుగు అని ఒక ఊరు. ఊఁ కొట్టండి మరి, ఊఁ కొట్టకపోతే కథ నడవదు.

ఆ ఊళ్ళో మోనాచారి అని ఒక కమ్మరి ఉండేవాడు. ఆయనకు జానెడు చేను లేదు. ఒక కొలిమి, ఒక తిత్తి, ఒక సుత్తి. అంతే ఆస్తి. నాగలికి నేలను చీల్చే ఇనుప మొన ఉంటుందే, దాన్ని కర్రు అంటారు. ఆయన సాగగొట్టి ఇచ్చిన కర్రుకు రాతినేల కూడా దారి ఇచ్చేది. పేరులో మౌనం ఉంది గదా అని మోసపోయేరు. ఆయన నోటి ముందు సుత్తి ఏపాటిది!

ఏటా అదే తంతు. ఎండాకాలమంతా ఎవరూ కొలిమి గడప తొక్కేవాళ్ళు కారు. తొలివాన పడిందో లేదో ఊరంతా నాగళ్ళు మోసుకుని పరుగు.

"ఇన్నాళ్ళూ నిద్రపోయినారా? నాకేమన్నా వంద చేతులుండాయా?" అని ఆయన గొంతు చించుకునేవాడు. వాళ్ళు నవ్వేవాళ్ళు. ఆచారి తిట్టాడంటే కర్రు బాగా కుదిరినట్టే అనుకునేవాళ్ళు. అది చూసి ఆయనకు ఇంకా ఒళ్ళు మండేది.

ఇలా ఉండగా కరువు వచ్చింది. ఒక ఏడు వాన లేదు. రెండో ఏడు వాన లేదు. మూడో ఏడు వాన లేదు. మొదటి ఏడు జనం మబ్బు కోసం చూశారు. రెండో ఏడు మేత కోసం చూశారు. మూడో ఏడు నాగలి సంగతే మరిచారు.

ఒకరోజు మోనాచారి సుంకిరెడ్డి ఇంటికి పోయాడు. పెరట్లో నాగలి నిలబెట్టి ఉంది. దాని మీద కోళ్ళు.

"రెడ్డీ, ఏంది ఇది?"

"కోళ్ళు కూర్చోవాల గదా ఆచారీ."

కదిరప్ప ఇంటికి పోయాడు. కంప గాలికి లేచిపోకుండా కర్రును బరువు పెట్టి ఉన్నాడు. లక్షుమక్క ఇంటికి పోయాడు. ఆమె మొగుడు ముచ్చటపడి చండ్ర మానుతో చెక్కించిన నాగలి దుంప పేడదిబ్బలో ఉంది. సగం చెదలు తిన్నాయి.

మూడిళ్ళలోనూ ఆయన ఒకే మాట అడిగాడు. "వాన మిమ్మల్ని అడిగి వస్తుందా?"

మూడిళ్ళలోనూ ఒకే జవాబు. "వచ్చినప్పుడు చూద్దాంలే."

ఆయన ఉడికిపోతూ ఇల్లు చేరాడు. "చూద్దామంట! అప్పుడు వాళ్ళు చూస్తారు, నేను చావాల."

"లేని నొప్పి నీకెందుకు?" అంది భార్య కాళమ్మ. "తిట్టుకుంటా కూర్చుంటే కడుపు నిండుతుందా?"

"నిండదు. తెమ్మంటే తేరు. నేనే పోయి తెచ్చుకుంటా."

తెల్లారి మోకు భుజాన వేసుకుని ఇల్లిల్లూ తిరిగాడు. విరిగిన నాగలి, తుప్పు పట్టిన కర్రు, ఊడిపోయిన నాగలి పిడి, అదే మేడి, దొరికింది దొరికినట్టు ఈడ్చుకొచ్చాడు. ఇంట్లో చెత్త పోయిందని జనం సంతోషపడ్డారు. ఒక్కరూ వెంట రాలేదు.

కాళమ్మ తిత్తి ఊదింది. ఆయన తుప్పు రాలగొట్టాడు. అరిగిన మొనలకు వేరే ఇనుము అతికి సాగగొట్టాడు. చెదలు తిన్న కొయ్య చెక్కి పారేశాడు. విరిగినవి మూడు కలిపితే గాని ఒక నాగలి కాలేదు. చేస్తూ తిడుతూనే ఉన్నాడు.

"ఈ కర్రుతో ఎవడో బండలు పెకిలించినాడు. దీన్ని చూడు, ఉప్పు మూట కింద పెట్టినాడు. వీళ్ళ చేతులు పడ!"

బొగ్గులు అయిపోయాయి. ఇంటి కంచె కాల్చి బొగ్గు చేశాడు. అదీ అయిపోయింది. పాక గుంజలు కాల్చాడు. అదీ అయిపోయింది. ఇంటి తలుపు పీకాడు.

"ఇంక నన్ను కూడా కాల్చు," అంది కాళమ్మ.

"నువ్వు లేకుంటే తిత్తి ఎవరు ఊదుతారు?" అన్నాడాయన. అంతకంటే మెత్తటి మాట ఆమె ఆయన నోట ఎన్నడూ వినలేదు.

గోడకు ముప్పై నాగళ్ళు ఆనించేసరికి వాన వచ్చింది. ఒక పూటంతా కుండపోత. మర్నాడు పొద్దునే ఎండ కాసింది. ఊరంతా కొలిమి దగ్గర ఉంది. తీర్చిదిద్దిన నాగళ్ళను అందరూ తడిమి తడిమి చూశారు. మోనాచారికి కళ్ళు చెమర్చాయి. ఆ ఒక్కరోజుకు తిట్టకూడదు అనుకున్నాడు.

అప్పుడు కదిరప్ప ఒక నాగలి పట్టుకున్నాడు. "ఈ కర్రు నాది."

"మేడి నాది," అన్నాడు సుంకిరెడ్డి.

"దుంప నా మొగుడిది. చెయ్యి తీయండి," అంది లక్షుమక్క.

"మూడూ కలిపి చేసింది నేనే గదయ్యా," అన్నాడు మోనాచారి. ఎవరు వింటారు? ముప్పై నాగళ్ళ దగ్గరా అదే గొడవ. మూడేళ్ళు ఎండిన నేల, తడిని ఎంతసేపు నిలుపుకుంటుంది?

"నేల పదును ఆరిపోతోంది," అన్నాడాయన. వినలేదు. "పదును ఆరిపోతోంది," అని అరిచాడు. వినలేదు. మూడోసారి అనలేదు. ముగ్గురి చేతుల్లోంచి ఆ నాగలి లాక్కుని, లక్షుమక్క తోలుకొచ్చిన ఎద్దులకు పూన్చి, చేలోకి దిగాడు.

సుత్తి పట్టిన చెయ్యి అది. మేడి పట్టి ఎరగదు. నాగలి గీసిన సాలు పాము పోయినట్టు పోయింది. సుంకిరెడ్డి చేను దాటి, గట్టు దాటి, కదిరప్ప చేనులో పడింది. అక్కడి నుంచి లక్షుమక్క చేనులోకి మళ్ళింది.

"అయ్యో అయ్యో, అదేం సాలు?" సుంకిరెడ్డి తల పట్టుకున్నాడు. "చేను పాడు చేస్తాండావు ఆచారీ!"

"అయితే నువ్వొచ్చి దున్ను!"

"నా నాగలి ఏది?"

"ఏదో ఒకటి పట్టుకో రెడ్డీ! నేలకు తెలుస్తుందా, ఎవడి కర్రో?"

ఆ వంకర సాలు చూస్తూ నిలబడడం ఏ రైతుకు చేతనవుతుంది? చేతికందిన నాగలి చేతికందినట్టే తీసుకుని చేలల్లోకి పరుగెత్తారు. పొద్దు వాలేలోపు విత్తనం పడింది. ఆ ఏడు కొర్రలు పండాయి, జొన్నలు పండాయి, ఉలవలు పండాయి. ఊరు బతికింది. మొదటి గింజలు కుప్ప కాకముందే ఊరివాళ్ళు మోనాచారి ఇంటికి తలుపు పెట్టించారు. అది సరిగ్గా మూసుకోవడం లేదని ఆయన వడ్రంగిని తిట్టాడు.

నాలుగేళ్ళకు మోనాచారి పోయాడు. ఆ మరుసటి ఏడు తొలివాన పడింది. నాగళ్ళు పక్కూరి కమ్మరి దగ్గర నెల ముందే సిద్ధమయ్యాయి. ఎద్దులు పూన్చారు. కాని ఎవరూ కదలరు. తిట్టేవాళ్ళు లేక ఊరు ఊరంతా గట్ల మీద నిలబడిపోయింది. చివరకు కదిరప్ప సుంకిరెడ్డి నాగలి తీసుకుని, కావాలని మెలికలు తిప్పుతూ ఒక సాలు వేశాడు. లక్షుమక్క నవ్వింది. నవ్వుతూ కొంగుతో కళ్ళొత్తుకుంది. కాళమ్మ గట్టు మీద నుంచి, "అది చాలదు, ఇంకా వంకర!" అని అరిచింది.

ఇప్పటికీ సుద్దమడుగులో తొలివాన పడిన పొద్దున మొదటి సాలు పక్కవాళ్ళ నాగలితో, వంకరగా వేస్తారు. దాన్ని ఆచారి సాలు అంటారు. కొత్తవాళ్ళు చూసి నవ్వుతారు. చేయి తిరిగిన రైతుకు వంకరగా దున్నడం ఎంత కష్టమో వాళ్ళకేం తెలుసు? వంకర చాలకపోతే గట్టు మీది ఆడవాళ్ళు నోరారా తిడతారు. ఎక్కడన్నా ఇద్దరు నాది నీది అని ఒక వస్తువును గుంజుకుంటుంటే, దారిన పోయేవాడెవడో ఆగి, "ఏం, ఆచారి సాలు వేయాల్నా?" అంటాడు. ఇద్దరూ చెయ్యి వదిలేస్తారు.