వెండి పళ్ళెంలో పెన్‌డ్రైవ్

రాజులు పోకముందే కంప్యూటర్లు వచ్చేసిన రాజ్యం ఒకటుండేది. విత్తనాల కొట్లోని కంప్యూటరుకు కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించడానికి రాజుగారే స్వయంగా పెన్‌డ్రైవ్ గుచ్చి వెళ్ళారు. ప్రభువులు పెట్టినదాన్ని ఎవరూ ముట్టుకోకూడదని దివాను హుకుం వేశాడు.

అక్కడే వచ్చింది చిక్కు. సిస్టమ్ ఎక్కింది గానీ, ఆన్ చేసినప్పుడల్లా కంప్యూటరు ముందుగా ఆ పెన్‌డ్రైవ్‌నే చూసి, మళ్ళీ మొదటినుంచీ ఎక్కించమంటోంది. కంప్యూటరు నుంచి చీటీ రాకుండా కొట్లోంచి గింజ కదలదు. బయట వాన పడింది, రైతులు సంచులతో పడిగాపులు కాస్తున్నారు. "అది తీసేస్తే చాలండీ" అని చెప్పి చెప్పి ఆపరేటరు నూకరత్నానికి నోరు నొప్పెట్టింది. దివాను ఆమె కుర్చీలోనే కూర్చుని ఆన్ చేస్తాడు, ఆపుతాడు, "నీ చెయ్యి మంచిది కాదు" అంటాడు.

చివరికి ఆమె నిట్టూర్చి, "రాజుగారి చెయ్యి తగిలిన వస్తువు ఇలా దుమ్ములో పడుండటమేంటండీ? ప్రభువులు చూస్తే ఏమనుకుంటారు?" అంది.

దివాను గతుక్కుమన్నాడు. వెండి పళ్ళెం తెప్పించి, పెన్‌డ్రైవ్ తనే లాగి, అందులో ఉంచి బొట్టు పెట్టాడు. నూకరత్నం మీట నొక్కింది. కంప్యూటరు బుద్ధిగా తెరుచుకుంది.

"ఇందాక నడవనిది ఇప్పుడెలా నడిచింది?" అన్నాడు దివాను, ఆమె కుర్చీలోంచి కదలకుండా.

"ఎవరుండాల్సిన చోట వాళ్ళుంటే నడుస్తుందండీ" అంది నూకరత్నం.

పళ్ళెం వైపు, కుర్చీ వైపు చూసి, దివాను మెల్లగా లేచాడు.